కారులో కీచురాయి



చీకటి పడితే గోడ సందుల్లో కీచురాయి అరవటం మీరు వినే ఉంటారు. కొన్ని కార్లలో కూడా ఒక కీచురాయి ఉంటుంది. పొద్దున్నే కారు స్టార్టు చేయగానే అది "కీ...చ్" మని వీధి చివరిదాకా వినిపించేటట్టు అరుస్తుంది. కాస్సేపటికి ఊరుకుంటుంది. "పోనీలే, ఆగిపోయింది గదా!" అనుకుని పెద్దలు బయలుదేరుతారు. మర్నాడు మళ్ళీ అదే అరుపు. ఈ కీచురాయి ఎవరు? ఎందుకు అరుస్తున్నది? దాన్ని పట్టుకోవటం ఎలాగ?

అది ఒక రబ్బరు బెల్టు. ఇంజను తిరుగుతూ ఉంటే దానితోపాటు ఒక పెద్ద పుల్లీ తిరుగుతుంది. ఆ పుల్లీ మీదుగా పోయే బెల్టు మరికొన్ని పుల్లీలను తిప్పుతుంది. అందులో ఒకటి బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటరుది. చాలా కార్లలో ఇంజనును చల్లబరిచే నీళ్ళ పంపును, ఏ.సి. యంత్రాన్ని కూడా ఈ బెల్టే తిప్పుతుంది. 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్ కారులో దీన్ని "ఫ్యాను బెల్టు" అనేవారు. పాత కార్లలో ఈ పనులకు రెండు మూడు బెల్టులుండేవి. ఇప్పటి చాలా కార్లలో అడుగున పొడుగునా గాళ్ళున్న ఒకే వెడల్పు బెల్టు, పాములాగా మెలికలు తిరుగుతూ, అన్ని పుల్లీలనూ తిప్పుతుంది.

ఇక అరుపు సంగతి. కొత్త సుద్దముక్కను బోర్డు మీద నిటారుగా పట్టి గట్టిగా నొక్కి గీయండి. చెవులు మూసుకునేటట్టు కీచుమంటుంది. కారణమేమిటంటే, సుద్ద బోర్డును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ జారుతుంది. ఇది సెకనుకు కొన్ని వందలసార్లు జరిగితే ఆ అదురే మనకు మోతగా వినిపిస్తుంది. ఫిడేలు కమాను తీగ మీద చేసే పని కూడా ఇదే; అక్కడ అది సంగీతం! బెల్టు పుల్లీని గట్టిగా పట్టుకుని తిప్పినంతసేపూ చప్పుడుండదు. పట్టు చాలక జారటం మొదలుపెడితేనే అరుస్తుంది.

అన్ని పుల్లీల మీదా బెల్టు ఒకేలాగా జారదు. పొగరుబోతు గేదె పలుపును ఉత్త చేతులతో పట్టుకుంటే గేదె మనల్ని ఈడ్చుకుపోతుంది. అదే పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే చిన్నపిల్లవాడు కూడా ఆపగలడు. చుట్టు ఎంత ఎక్కువైతే పట్టు అంత ఎక్కువ. ఆల్టర్నేటరు పుల్లీ చిన్నది, దాన్ని బెల్టు తాకే చోటు తక్కువ. పైగా అది ఇంజనుకన్న రెండు మూడింతలు వేగంగా తిరగాలి. అందుకే చాలాసార్లు బెల్టు మొదట జారేది దాని మీదనే.

వైద్యుడు రోగిని ప్రశ్నలడిగి జబ్బు కనిపెట్టినట్టే మనమూ మూడు ప్రశ్నలు వేద్దాం.

మొదటి ప్రశ్న: ఎప్పుడు అరుస్తున్నది? స్టార్టు చేయగానే అయితే, ఇంజనును తిప్పటానికి బ్యాటరీ తన బలం కొంత ఖర్చు చేసింది. దాన్ని తిరిగి నింపటానికి ఆల్టర్నేటరు ఎక్కువ శ్రమపడుతున్నది. ఏ.సి. వేయగానే అరిస్తే ఆ యంత్రం బరువు బెల్టు మీద పడింది. అంటే బరువు పడినప్పుడల్లా బెల్టు జారుతున్నదన్నమాట. మంచు కురిసిన ఉదయం ఒక్క క్షణం అరిచి ఊరుకుంటే అది వట్టి తేమ కావచ్చు. రోజూ అరిస్తే మాత్రం ఉపేక్షించరాదు.

రెండవ ప్రశ్న: ఎలాంటి చప్పుడు? "కీ...చ్" మని సాగితే బెల్టు జారుతున్నది. పిచ్చికలాగా "కిచ్, కిచ్" మని తాళం వేసినట్టు వస్తూ, ఇంజను వేగంతోపాటు ఆ తాళమూ వేగమైతే, పుల్లీలన్నీ ఒక వరసలో లేవేమోనని అనుమానించాలి. "గరగర" మంటే దోషం బెల్టుది కాకపోవచ్చు, ఏదో ఒక బేరింగు అరిగి ఉంటుంది.

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పేది మంచినీళ్ళే! ఇంజను నడుస్తూ, చప్పుడు వస్తూ ఉండగా, మెకానిక్కు దూరంగా నిలబడి బెల్టు గాళ్ళున్న వైపు కాసిని నీళ్ళు చిమ్ముతాడు. చప్పుడు పెరిగితే బెల్టు వదులుగా ఉన్నది; అసలే జారుతున్నది, తడిసి మరింత జారింది. చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు వరస తప్పాయి. బెల్టు పక్కవాటంగా గాళ్ళలోకి దిగుతూ ఒరుసుకుంటున్నది, నీళ్ళు ఆ ఒరిపిడిని కాస్సేపు తగ్గించాయి. ఏ మార్పూ లేకపోతే బేరింగుల వైపు చూడాలి. అప్పుడు ఇంజను ఆపి, బెల్టు తీసి, ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పి చూస్తే గరగరలాడే దొంగ దొరుకుతాడు.

చూశారా? గుక్కెడు నీళ్ళతో రెండు జబ్బులను వేరు చేయవచ్చు!

కొందరు ఇంత శ్రమపడరు. అరుపు ఆపటానికి బెల్టు మీద ఏదో జిగురుమందు చల్లుతారు. అరుపు ఆగుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఏడ్చే పసివాడి నోరు మూస్తే కడుపునొప్పి పోతుందా? మరికొందరు వెంటనే కొత్త బెల్టు వేయిస్తారు. కాని పాత బెల్టు మీద ఇంజను నూనె కారుతూ ఉంటే కొత్తదాని మీదా కారుతుంది. బెల్టును బిగించే స్ప్రింగు బలహీనపడి ఉంటే కొత్త బెల్టూ జారుతుంది. పోనీ అని మరీ బిగిస్తే బేరింగులు పాడవుతాయి. కాబట్టి ముందు కారణం, తరువాత మందు.

అశ్రద్ధ చేస్తే ఏమవుతుంది? ఒకనాడు బెల్టు తెగుతుంది. బ్యాటరీ గుర్తున్న ఎర్రదీపం వెలుగుతుంది. నీళ్ళ పంపు ఆ బెల్టు మీదనే ఆధారపడి ఉంటే, కొద్ది నిమిషాల్లోనే వేడి చూపే ముల్లు పైకి పోతుంది. వెంటనే కారును పక్కకు తీసి ఆపకపోతే ఇంజనే చెడిపోతుంది. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎవరూ తీయరాదు. మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి.

ఇంకొక్క హెచ్చరిక, ఇది అన్నిటికన్న ముఖ్యం. ఇంజను నడుస్తూ ఉండగా బోనెట్టు కింద చెయ్యి పెట్టకూడదు. జడ, పైట, వదులు చొక్కా చేతులు బెల్టులో చిక్కుకుంటే లాక్కోవటానికి వ్యవధి ఉండదు. మీరు దూరంగా నిలబడి చెవులతో పని చేయండి. ఎప్పుడు అరిచింది, ఎలా అరిచింది అనేది కాగితం మీద రాసి నాన్నగారికో, మెకానిక్కుకో ఇవ్వండి. అది వాళ్ళకు ఎంతో సాయం.

ఇంట్లో చేసి చూడండి: ఒక చెక్కకు రెండు మేకులు కొట్టి, వాటికి ఒక పెద్ద దారపు కండె, ఒక చిన్న కండె తొడిగి, రెంటికీ కలిపి రబ్బరు బ్యాండు వేయండి. పెద్దదాన్ని తిప్పుతూ చిన్నదాన్ని వేలితో మెల్లగా ఒత్తండి. బ్యాండు ఎక్కడ జారుతున్నది? ఒక మేకును కాస్త దూరం జరిపి మళ్ళీ చూడండి.

ఇక ఈ నెల లెక్క: పెద్ద కండె చుట్టుకొలత చిన్నదానికి మూడింతలు. బ్యాండు జారకపోతే, పెద్దది పది చుట్లు తిరిగేసరికి చిన్నది ఎన్ని చుట్లు తిరుగుతుంది? మీరు లెక్కపెట్టినప్పుడు అంతకన్న తక్కువ వస్తే, దాని అర్థమేమిటో మీకిప్పుడు తెలుసు!