పంట పైసలు వాలెట్‌లో కాదు, మన ఖాతాలో పడాలి



చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో సంఘం మీటింగ్ ఏ ఊళ్లో పెట్టినా ఈమధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తున్నది: "అన్నా, ఫోన్‌లో పైసలకు ఏ యాప్ పెట్టుకోవాలె?" టమాట, క్యారెట్, బంతి, చామంతి పండించి చేవెళ్ల మార్కెట్‌కు, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు, మెహిదీపట్నం రైతు బజార్‌కు పోయే మనకు ఇది షోకు ప్రశ్న కాదు. మందు డబ్బా నుంచి ట్రాలీ కిరాయి దాకా అన్నీ ఫోన్ మీదనే నడుస్తున్నాయి. అందుకే మా మాట సూటిగా చెబుతున్నాం.

ముందుగా వాలెట్ వేరు, యూపీఐ వేరు అని తెలుసుకుందాం. వాలెట్ అంటే మన పైసలు ముందుగానే కంపెనీ దగ్గర జమ చేయడం. వాటికి వడ్డీ రాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల బీమా ఆ పైసలకు ఉండదు. యూపీఐ 2016లో వచ్చింది. అందులో పైసలు మన బ్యాంకు ఖాతా నుంచి ఎదుటివాళ్ల ఖాతాకు నేరుగా పోతాయి. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, ఏది తెరిచినా లోపలి బాట ఒక్కటే. ఎవరి దుకాణంలో ఏ స్టిక్కర్ ఉన్నా మన యాప్‌తో కట్టొచ్చు.

2024లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆర్డర్ గుర్తుందా? మార్చి 15 తర్వాత పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ఖాతాల్లో, వాలెట్లలో కొత్తగా పైసలు వేయడానికి లేదన్నది. ఉన్న పైసలు వాడుకోనిచ్చారు, నిజమే. కానీ అక్కడే పంట పైసలు పడేవాళ్లు ఉరుకులు పరుగుల మీద వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. 2017 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం కూడా టీ వాలెట్ అని ఒకటి తెచ్చింది. ఇవాళ మన మార్కెట్‌లో దాని పేరెత్తేవాళ్లు ఎందరు? కంపెనీదైనా సర్కారుదైనా, వాలెట్‌ను నమ్మి పంట పైసలు నిలవ చేయొద్దు.

ఇక ఉచితం సంగతి. ఫోన్‌పేలో పెద్ద వాటా అమెరికా కంపెనీ వాల్‌మార్ట్‌ది. గూగుల్ పే గూగుల్‌ది. దేశంలో యూపీఐ లావాదేవీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ రెండింటి ద్వారానే పోతున్నాయి. ఏ యాప్ వాటా 30 శాతం దాటొద్దని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2020లో చెప్పి, గడువును 2026 చివరి దాకా జరుపుతూ వచ్చింది. వీళ్లు ఊరికే సేవ చేస్తారా? మనం ఏ దుకాణంలో, ఏ నెలలో, ఎంత పెడుతున్నామో వాళ్లకు తెలుస్తుంది. చేతిలో రూపాయి లేని రోజు చూసి "మీకు లోన్ మంజూరైంది" అని మెసేజ్ వస్తుంది. వెనకటి సావుకారి ఇంటికొచ్చి అప్పిచ్చేవాడు, ఇప్పటి సావుకారి జేబులోనే కూర్చున్నాడు. స్క్రాచ్ కార్డు చూసి యాప్ ఎంచుకోవడమంటే ఎర చూసి గాలం మింగడమే.

కాబట్టి భీమ్ గానీ, మన బ్యాంకు సొంత యాప్ గానీ చాలు. ట్యాప్ చేసి కట్టే సౌకర్యం కోసం ఖరీదైన ఫోన్ కొనొద్దు. చిన్న ఫోన్ ఉన్నవాళ్లకు *99# ఉంది, 2022 మార్చి నుంచి 123పే కూడా ఉంది.

అయితే అసలు కొట్లాట యాప్‌తో కాదు, అడ్తితో. సరుకు తూకం అయినాక "సర్వర్ డౌన్, రేపు కొడతా" అంటారు. ఆ రేపు వారమైతది. "ఆన్‌లైన్ చార్జీ" అని కొంత కోస్తారు. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి నుంచి చార్జీ తీసుకోవద్దని 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మరి రైతు దగ్గర కోసేది ఎవరి చార్జీ? కమీషన్, హమాలీ, తరుగు చాలవా?

రెండో సంగతి. తెల్లవారకముందే పూలు తెంపేది ఆడవాళ్లు, పైసలు పడేది కొడుకు ఫోన్‌లో. అక్క పేరు మీద ఖాతా, అక్క చేతిలో ఫోన్ ఉండాలి. పిన్ అక్కకే తెలియాలి. పంట రుణం బకాయి పేరుతో కొన్ని శాఖల్లో ఖాతాలను హోల్డ్‌లో పెడుతున్నారు. అందుకని అమ్మకం పైసలకు పంట రుణం లేని వేరే పొదుపు ఖాతా జోడించుకోవడం మేలు.

మూడోది, తక్‌పట్టీ. 2025 జూలైలో కర్ణాటకలోని హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షల జీఎస్టీ నోటీసు వచ్చింది. నాలుగేండ్లలో యూపీఐ ద్వారా వచ్చిన 1.63 కోట్లు లెక్కగట్టి పంపారు. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు! భూమి సాగుచేసి తన పంట అమ్ముకునే రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు, వ్యవసాయ ఆదాయం మీద ఆదాయ పన్ను లేదు. కానీ రేపు ఎవరైనా అడిగితే చూపడానికి కాగితం కావాలి. పైసలు ఫోన్‌లో పడ్డాయి కదా అని తక్‌పట్టీ వదలొద్దు. పాసు పుస్తకం లేని కౌలు రైతుకు ఆ చీటే సాక్ష్యం.

మోసాల విషయంలో ఒక్క మాట యాదిలో పెట్టుకోండి: పైసలు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే పిన్. పిన్ కొట్టమని ఎవరన్నా ఫోన్ పెట్టేయండి. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాసివ్వండి. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా పోయిన పైసల గురించి మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడొద్దని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది.

చేవెళ్ల మార్కెట్ కమిటీ ముందు, బ్యాంకుల ముందు మనం పెట్టే డిమాండ్లు ఇవి:

తూకం అయిన రోజే మొత్తం పైసలు రైతు ఖాతాలో పడాలి. ఆన్‌లైన్ పేరుతో కోత పెట్టే అడ్తి లైసెన్సు మీద చర్య తీసుకోవాలి. ప్రతి అమ్మకానికి తక్‌పట్టీ ఇవ్వాలి. నగదు అడిగిన రైతుకు నగదే ఇవ్వాలి. పంట అమ్మిన పైసలను బ్యాంకులు హోల్డ్ చేయొద్దు.

యాప్ ఏదైనా రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. మార్కెట్‌లో ఈ పద్ధతి మారాలంటే మాత్రం ఒక్కడు అడిగితే కాదు. వచ్చే మీటింగ్‌కు ప్రతి ఊరి నుంచి కోత పడిన తక్‌పట్టీలు తీసుకొని రండి. అవన్నీ కలిపి మార్కెట్ కమిటీ ముందు పెడదాం.