పడవ ఉంటే చాలదు, పిలిచిన రోజు స్టార్టు కావాల

పడవ అంటే మా నంబులపూలకుంట కాడ శానామందికి నవ్వొస్తాది. తాగే నీళ్ళకే తిప్పలు పడే చోట పడవేందప్పా అంటారు. వాళ్ళనేదీ నిజమే. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఎండ ఎక్కువ, మబ్బు తక్కువ అనే గదా మా మండలంలో సోలార్ పార్కు పెట్టినారు. 2016లో ఎన్టీపీసీ పలకల నుంచి కరెంటు రావడం మొదలయ్యింది. అట్లాంటి ఊరినుంచి పడవ ఇంజను గురించి రాస్తాండానంటే దానికి కారణం ఉండాది.

2021 నవంబరు 19 గుర్తు తెచ్చుకోండి. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో ఒక కారు చిక్కుకునింది. అందులోవాళ్ళను బయటికి తెచ్చేదానికి పోయిన జేసీబీ కూడా నీళ్ళలోనే నిలబడిపోయింది. కడాకు వైమానిక దళం హెలికాప్టరు వచ్చి 10 మందిని పైకి లాగింది. ఏడాదిలో శానా దినాలు ఇసుక తప్ప ఏమీ కనపడని ఏరు అది. అదే పొద్దు రాజంపేట పక్కన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊర్లు కొట్టుకుపోయినంత పనయ్యింది.

అన్నమయ్య ప్రాజెక్టుకు ఉండే 5 గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పినారు. గేటు కాదు, ప్రాజెక్టు తట్టుకునేదానికంటే శానా ఎక్కువ వరద రావడమే కారణం అని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ వాదన ఎట్లన్నా పోనీ. దాంట్లోనుంచి మనం ఎత్తుకోవాల్సిన మాట ఒకటుండాది: ఏండ్ల తరబడి పని పడని యంత్రం, పని పడిన ఆ ఒక్క రోజు కదలాల. గేటయినా అంతే, పడవ ఇంజనయినా అంతే.

ప్రతి వరద అయిపోయినాక లెక్కలు చెప్తారు. ఇన్ని పడవలు, ఇన్ని లైఫ్ జాకెట్లు, ఇన్ని తాళ్ళు. పేపర్లో ఫోటో కూడా వస్తాది. ఆ పడవల్లో ఈ పొద్దు తాళం తిప్పితే ఎన్ని ఇంజన్లు పట్టుకుంటాయి అనే లెక్క మాత్రం ఎవురూ చెప్పరు. నా దృష్టిలో అసలు లెక్క అదే.

కోస్తాలో ఈ బాధ తక్కువ. అక్కడ జాలర్లు దినామూ ఇంజను తిప్పుతారు. చెడిపోతే సాయంత్రానికే తెలిసిపోతాది, మర్నాడు కూలి పోతాది కాబట్టి అప్పుడే బాగు చేసుకుంటారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు, ముందు చేరుకునింది దగ్గర్లోని ఊరోళ్ళే. వాళ్ళ పడవలు పొద్దు పొద్దుకూ నీళ్ళలో ఉండేవి కాబట్టి బయలుదేరినాయి. ఇరవై మందికి పైగా ఒడ్డుకు చేరినారు. మన సీమలో పడవ గోదాములో పట్ట కింద పండుకోనుంటాది. ఏట్లో నీళ్ళొచ్చిన పొద్దే దాన్ని లేపుతారు. కాబట్టి ఇంజను చూసుకునే పని కోస్తా కంటే మనకే ఎక్కువ.

నేను బోరు మోటార్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, పవర్ టిల్లర్లు బాగు చేస్తాను. పోయిన సంవత్సరం పెట్రోలు ట్యాంకులోనే ఉంచేసిన స్ప్రేయరు ఈ సంవత్సరం ఎన్ని సార్లు లాగినా పట్టుకోదు, ఇది మీలో సగం మందికి తెలిసిన కతే. పడవ ఇంజనుకూ అదే జబ్బు. తేడా ఏమంటే, స్ప్రేయరు పట్టుకోకపోతే ఒక పూట పోతాది, పడవ పట్టుకోకపోతే మనిషి పోతాడు.

ఇంక జెట్ బోటు సంగతి. పేరు విని భయపడొద్దు. అది నీళ్ళ మీద తేలే మోనోబ్లాక్ మోటారు అనుకోండి. అడుగున ఉండే జల్లెడలోంచి నీళ్ళు లాగుతాది, ఇంపెల్లరు తిప్పుతాది, వెనక నాజిల్ లోంచి గట్టిగా చిమ్ముతాది. ఆ తోపుకే పడవ ముందుకు పోతాది. బయట తిరిగే రెక్కలుండవు. న్యూజిలాండులో బిల్ హామిల్టన్ అనే ఆయన 1950లలో దీన్ని పనికొచ్చేటట్ల చేసినాడు, వాళ్ళ ఏర్లు మన ఏర్ల మాదిరే లోతు తక్కువ, రాళ్ళు ఎక్కువ కాబట్టి. 1977లో ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ ఇట్లాంటి జెట్ బోట్లతోనే గంగ సముద్రంలో కలిసే చోటునుంచి హిమాలయాల దాకా ఎదురెక్కినాడు. మోకాటి లోతు నీళ్ళలో పోతాది, నీళ్ళలో పడినోళ్ళకు రెక్క తగిలే భయం ఉండదు, కాబట్టి చిత్రావతి, పాపాఘ్ని మాదిరి ఏర్లకు సరిపోయే పడవే.

అయితే దాని కష్టం కూడా ఆ జల్లెడ కాడే ఉండాది. మన వరద వట్టి నీళ్ళు కాదు. సర్కారు కంప, వరిగడ్డి, ప్లాస్టిక్ కవర్లు, డ్రిప్ పైపులు అన్నీ కలిపి తెస్తాది.

ఇంజను స్టార్టు కాకుంటే కంగారు పడి ఊరికే తాళం తిప్పొద్దు. వరసగా చూసుకుంటా పోవాల.

తాళం తిప్పితే సద్దే లేదా? ముందు ఎర్ర తాడు చూడండి. నడిపే మనిషి ఒంటికి తగిలించుకునే తాడు అది, మనిషి నీళ్ళలో పడితే ఇంజను ఆగిపోవాలని పెట్టినారు. దాని క్లిప్పు స్విచ్చులో లేకుంటే ఇంజను పట్టుకోదు. పడవ వెనక తగిలించే మోటారైతే గేరు న్యూట్రల్ లో ఉండాల. తర్వాత బ్యాటరీ మెయిన్ స్విచ్చు, టెర్మినళ్ళకు పట్టిన పాచి, ఫ్యూజు. నన్ను ఒక చోటికి పిలిచినారు, పేరు అక్కర్లేదు. ఇంజను కాలిపోయిందని రాసి పెట్టేసినారు. చూస్తే క్లిప్పు లేదు, అంతే. ఎవురో తాళాలగుత్తికి కట్టుకోని పోయినారంట.

టక్ టక్ అని ఇంజను తిరగలేదా? బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు. జెట్ బోటైతే ఇంపెల్లరులో రాయో, తాడో, చీరముక్కో చిక్కి ఉండొచ్చు. శానా జెట్ బోట్లలో ఇంజనుకూ ఇంపెల్లరుకూ నడుమ క్లచ్చు ఉండదు, అది బిగుసుకుంటే ఇంజనూ తిరగదు. ఇంకా ఇంకా తిప్పితే స్టార్టరు కాలిపోతాది. చెయ్యి పెట్టేదానికి ముందు తాళం తీయాల, క్లిప్పు పీకాల, బ్యాటరీ స్విచ్చు ఆపాల. ఇది మరిచిపోతే వేళ్ళు పోతాయి.

తిరుగుతాది గానీ పట్టుకోలేదా? పెట్రోలో, స్పార్కో, గాలో. బయటి ట్యాంకైతే మూత మీది గాలి మర తిప్పినారా? పైపు నడుమ ఉండే రబ్బరు బుడ్డి గట్టిపడేదాకా పిసికినారా? ప్లగ్గు విప్పితే తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువయ్యింది, పొడిగా ఉంటే పెట్రోలే రాలేదు. ఇంజను పడవ లోపల, పెట్టెలో ఉండే రకమైతే స్టార్టు చేసేదానికి ముందు బ్లోయరు వేసి లోపలి ఆవిరి తరమాల. లేదంటే ఒక్క నిప్పు రవ్వ చాలు.

పట్టుకోని ఆగిపోతాందా? ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, గాలి మర మూసే ఉండొచ్చు. నీళ్ళలోనుంచి బయటికి తీసి మాత్రం ఎక్కువసేపు తిప్పొద్దు. చల్లబరిచే నీళ్ళు ఆ ఏట్లోనుంచే రావాల గదా. ఎండలో పెట్టి పరీక్ష చేయాలంటే నీళ్ళ పైపు తగిలించే చేయాల.

ఇప్పుడొచ్చిన కొత్త తిప్ప ఇంకోటుండాది. మన బంకుల్లో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంటాది. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతాది. దినామూ తిరిగే బండిలో పెట్రోలు అయిపోతాది కాబట్టి దానివల్ల పెద్ద ఇబ్బంది రాదు. ఆరు నెలలు పట్ట కింద ఉండే పడవలో అయితే నీళ్ళూ ఇథనాలూ వేరుపడి ట్యాంకు అడుక్కు దిగుతాయి. పైపు లాగేది ఆ అడుగు నుంచే. పడవ ట్యాంకులో పాత పెట్రోలు ఉంచడం అంటే వానాకాలానికి నీళ్ళు దాచిపెట్టినట్లే. వాడని ఇంజనులో పెట్రోలు, కార్బొరేటరులోది కూడా, దించేయాల. సీజను ముందు కొత్తది పోయాల.

వీటిల్లో ఒక్కటి కూడా లక్షల లెక్క అయ్యే పని కాదు. నెలకొకసారి ఒక మనిషి, రెండు లీటర్ల పెట్రోలు, ఒక నీళ్ళ పైపు, ఒక నోటుబుక్కు. తేదీ రాయాల, ఎన్నో లాగుకు పట్టుకునింది రాయాల, సంతకం పెట్టాల. పడవ కొనేటప్పుడు టెండరు ఉంటాది, ఫోటో ఉంటాది, రిబ్బను ఉంటాది. నెల నెలా ఇంజను తిప్పేదానికి అవేవీ ఉండవు, అందుకే ఆ పని ఎవురికీ పట్టదు.

మనం చేయగలిగింది ఉండాది తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. మన ఊర్లలో ఐటీఐ మెకానిక్ చదివి ఖాళీగా ఉండేవాళ్ళు తక్కువేం లేరు. కేంద్రం 2016లో తెచ్చిన ఆపద మిత్ర పథకం కింద వలంటీర్లకు వరద సాయంలో శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణలో ఈత, తాడు ముళ్ళతో పాటు ఇంజను లేపే పని కూడా చేయించాలని అడగండి. కదిరి ప్రాంతంలో చెర్లోపల్లి రిజర్వాయరు ఉండాది, గాలివీడు మండలంలో పాపాఘ్ని మీద వెలిగల్లు ఉండాది. నీళ్ళు లేవు, యాడ నేర్చుకోవాల అనే మాట ఇప్పుడు చెల్లదు.

రెండోది, సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆఫీసుకు ఒక అర్జీ పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 దినాల్లో జవాబు రావాల. ‘ఎన్ని పడవలు ఉండాయి’ అని అడిగి ఊరుకోవద్దు. ‘ప్రతి పడవ ఇంజనూ కడాగా ఏ తేదీన స్టార్టు చేసినారు, ఎవురు చేసినారు, ఆ రిజిస్టరు నకలు ఇవ్వండి’ అని అడగండి. రిజిస్టరు లేదని జవాబొస్తే, మన ఏరు పొంగే లోపల ఒకటి పెట్టించే పని మనదే.

సీమలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వచ్చి మీద పడతాయి. ఆ లోపలే అడగండి.