పాత పనిముట్లే ముద్దు
ఆర్నెల్లకోసారి ఎడిటర్ మార్చే కుర్రాళ్లను చూస్తే నాకు అసూయ లేదు, కాస్త జాలి. రాత్రి రెండింటికి సర్వర్ పడుకున్నప్పుడు నా చెయ్యి వెళ్లేది గ్రెప్ మీదికే. 1973 నాటి సరుకది, కెన్ థాంప్సన్ రాసింది. ఈడీ ఎడిటర్‌లోని ఓ ఆదేశమే దాని పేరు: ఫైలంతా గాలించు, నమూనాకు సరిపోయిన వరుసలు చూపించు. లక్షల వరుసల లాగ్‌లో అంతకుమించి ఏం కావాలి? తర్వాత గిట్ బైసెక్ట్. నిన్నటిదాకా నడిచిన కోడ్ ఇవాళ ఎక్కడ చెడిందో తెలియకపోతే, మధ్యలో వెయ్యి మార్పులున్నా సరే, సగానికి సగం తెగ్గోసుకుంటూ పోతే పది పరీక్షల్లో దొంగ దొరుకుతాడు. ఓసారి ఆ దొంగను నేనే, అది వేరే కథ. అయితే కమిట్లు చిన్నవిగా ఉండాలి, ఎందుకు మార్చామో పక్కనే రాసి ఉండాలి. నలభై ఫైళ్లు ఒకేసారి కుక్కి, ‘ఫిక్స్‌డ్’ అని ఒక్క ముక్క గిలికి ఇంటికి పోయేవాళ్ల దగ్గర బైసెక్ట్ కూడా చేతులెత్తేస్తుంది. వాళ్లకు ఏ కొత్త ఎడిటర్ కొనిచ్చినా దండగే. నా మూడో పనిముట్టు గీతల నోటుపుస్తకం. దానికి అప్‌డేట్లు రావు.