గుడారానికి హక్కు, గుడారానికి హద్దు

ఆరుబయట నిద్రించడం విహారంలో భాగమా, కాదా? ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల విషయమై ఈ ప్రశ్న మూడు న్యాయస్థానాల మెట్లెక్కింది.

అక్కడి ఉమ్మడి భూములలో కాలినడకన గానీ గుఱ్ఱంపై గానీ విహరించే హక్కును 1985 నాటి చట్టం ప్రజలకిచ్చింది. ఆ హక్కునిచ్చే వాక్యంలో గుడారం ఊసు లేదు. భూయజమానులు దావా వేయగా, 2023 జనవరిలో హైకోర్టు గుడారం వేసే హక్కు లేదన్నది. జులైలో అప్పీలు న్యాయస్థానం ఉన్నదన్నది. 2025 మే 21న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ మాటనే స్థిరపరచింది.

నేను ఈ తీర్పు పక్షమే. నడిచే హక్కు ఉన్నవానికి, నడిచి అలసినాక కన్నుమూసే హక్కు లేదనడం విడ్డూరం కాదూ?

అయితే హద్దులూ ఉన్నాయి. అక్కడ రహదారికి 100 మీటర్లలోపు గుడారం వేయరాదు. ఒకేచోట వరుసగా రెండు రాత్రులకు మించి ఉండరాదు. "దారి పక్కనే చాటుగా పడుకుంటే ఎవరికి నష్టం?" అని అడిగేవారున్నారు. ఒక్కరైతే నష్టం లేదు. కానీ కారు దిగిన చోటనే గుడారం వేసుకోవడం సులువు. అందుకే అక్కడ ఒక్కరితో ఆగదు. 2003 చట్టంతో ఎంతో ఉదారంగా హక్కులిచ్చిన స్కాట్లాండులోనే, లోమండ్ సరస్సు తీరాన పేరుకున్న చెత్త, నరికిన చెట్ల మూలంగా, 2017 నుండి కొన్నిచోట్ల మార్చి మొదలు సెప్టెంబరు వరకు అనుమతి తప్పనిసరి అయింది.

కోర్టు నిలబెట్టిన హక్కును చెత్త పోగొట్టగలదు. తెల్లవారి గుడారం ఎత్తినాక నలిగిన గడ్డి తప్ప మరేమీ మిగల్చనివారే దానిని కాపాడుతున్నారని నా అభిప్రాయం. మీరేమంటారు?