రెండు పిస్టన్లూ ఒక జాతివే వెయ్యాలి

మంచుమీద పరుగెత్తే స్నోమొబైల్‌కు సాధారణంగా రెండు సిలిండర్ల ఇంజను ఉంటుంది. ఒక పిస్టన్ పాడైతే అదొక్కటే బయటి తయారీది కొని వేస్తే సరిపోదా, కొలత ఒకటే కదా అని మీరడగవచ్చు. నేనొప్పుకోను. కొలత ఒకటే అన్నది ఇంజను చల్లగా ఉన్నప్పటి మాట!

పిస్టన్లు అల్యూమినియం మిశ్రలోహంతో చేస్తారు. అందులో సిలికాన్ ఎక్కువుంటే వ్యాకోచం తక్కువ. పోత పిస్టన్లలో సిలికాన్ ఎక్కువ. అచ్చులో అదిమి చేసిన గట్టి రకాల్లో కొన్నింటిలో బాగా తక్కువ. వాటికి సిలిండర్ గోడ దగ్గర ఎక్కువ సందు వదలాలి. పాత సందులోనే బిగిస్తే వేడికి ఉబ్బి పట్టేస్తుంది.

ఇక బరువు. ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి వస్తూ పరస్పరం ఊపును చాలావరకు సరిచేసుకుంటాయి. నిమిషానికి 8,000 చుట్లు తిరిగేచోట కొద్ది గ్రాముల తేడా అయినా అదురును పెంచుతుంది. తూచి సరిచేయవచ్చుననుకోండి, వ్యాకోచాన్ని ఏ త్రాసులో తూచుతారు? బయటివే కొనండి, తప్పులేదు; కాని రెండూ కొనండి. ఊరికి దూరంగా, గడ్డకట్టే చలిలో ఇంజను ఆగితే నడిచి రావలసింది మనిషే.