వారాంతపు రుచులు, వెండితెర రసాలు: ఆహారశుద్ధిపై ఒక విచారణ



"పంతులుగారూ, శనివారం సాయంకాలం స్నేహితులతో వెళ్లి శాండ్‌విచ్ తిని, రాత్రి రెండు సినిమాలు చూస్తే దోషమా?" అనే ప్రశ్న ఇటీవల దేవాలయ ప్రాంగణంలో తరచుగా వినబడుతున్నది. అడిగేవారు నాస్తికులు కారు. ప్రదక్షిణం చేసి, తీర్థం పుచ్చుకొని, శఠగోపం క్రింద శిరస్సు వంచినవారే. వారి వెనుక నిలిచిన తల్లిదండ్రులు "దోషమే" అన్న మాటకోసం ఎదురుచూస్తుంటారు. పిల్లలు "ఏమీ కాదు" అన్న మాటకోసం ఎదురుచూస్తుంటారు. ఈ రెండు సమాధానాలలో ఏదీ శాస్త్రహృదయానికి సరిపోదని నా అభిప్రాయం. దోషం రొట్టెలోనో తెరలోనో స్థిరనివాసం ఏర్పరచుకొని ఉండదు. మనం వాటిని ఎలా గ్రహిస్తున్నాం, ఎవరితో గ్రహిస్తున్నాం, గ్రహించిన తరువాత ఏమవుతున్నాం అన్నచోట దానిని వెదకాలి.

విశ్రాంతి ధర్మవిరుద్ధం కాదు

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. "మన సంప్రదాయంలో సెలవు లేదు, వారాంతం పాశ్చాత్యుల రోగం" అని కొందరు పెద్దలు అంటారు. ఆదివారపు సెలవు ఆధునికమే. 1890లో బొంబాయి మిల్లు కార్మికుల పక్షాన నారాయణ్ మేఘాజీ లోఖండే సాగించిన ఉద్యమ ఫలితంగా అది మన శ్రామికులకు దక్కింది. అయితే విరామమనే భావన మనకు క్రొత్తది కాదు. వేదపాఠశాలలో చదివినవారందరికీ అనధ్యయన దినాలు తెలుసు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినాలలో వేదపాఠం నిలిచిపోతుంది. మా బాల్యంలో ఆ దినాలలో బట్టలు ఉతుక్కొనేవాళ్లం, కాలువలో ఈదేవాళ్లం, చెట్టు క్రింద కథలు చెప్పుకొనేవాళ్లం. మరునాడు గురువుగారి ఎదుట కూర్చున్నప్పుడు స్వరం మరింత నిర్మలంగా పలికేది. వేదానికే విరామం విధించిన ధర్మం, వారమంతా కంప్యూటరు ఎదుట కూర్చున్న గృహస్థుకు విరామాన్ని నిషేధిస్తుందా?

భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణభగవానుడు యోగికి చెప్పిన నియమాన్ని స్మరించండి. ఆహారం యుక్తంగా ఉండాలన్నాడు, దాని ప్రక్కనే విహారం కూడా యుక్తంగా ఉండాలన్నాడు. విహారాన్ని విసర్జించమనలేదు. అతిగా తినేవానికీ, అసలు తిననివానికీ, అతిగా నిద్రించేవానికీ, అతిగా మేల్కొనేవానికీ యోగం సిద్ధించదని హెచ్చరించాడు. శనివారం రాత్రి గడిపే తీరును నిర్ణయించుకోవడానికి ఈ నాలుగు కొలబద్దలూ చాలును.

ఆహారమంటే ఏది?

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయాంతంలో సనత్కుమారుడు నారదునికి చేసిన ఉపదేశం సుప్రసిద్ధం. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుంది, దానివలన స్మృతి స్థిరపడుతుంది, స్మృతి స్థిరపడితే హృదయగ్రంథులు విడిపోతాయి. ఈ వాక్యార్థంలో ఇద్దరు ఆచార్యులు రెండు దారులు చూపారు.

శంకరభగవత్పాదులు ఆహారశబ్దానికి వ్యుత్పత్తి చెబుతూ, భోక్త తన భోగంకోసం లోనికి తెచ్చుకొనే శబ్దాది విషయజ్ఞానమంతా ఆహారమేనన్నారు. రాగద్వేషమోహాలు అంటని విషయజ్ఞానమే ఆహారశుద్ధి. అనగా కన్ను చూసేదీ, చెవి వినేదీ కూడా భోజనమే. భగవద్రామానుజులు శ్రీభాష్యంలో వాక్యకారుని అనుసరించి చెప్పిన సాధనసప్తకంలో మొదటిదైన వివేకం, మనం నోటితో తినే అన్నానికి సంబంధించినది. జాతి, ఆశ్రయ, నిమిత్త దోషాలు లేని అన్నంవలన కలిగే కాయశుద్ధియే అక్కడ వివేకం.

వారాంతంలో మనం చేసే పనులు ఈ రెండు వ్యాఖ్యానాలలో చెరొకదానికి లక్ష్యంగా ఉన్నవి. అంగడిలో తినే శాండ్‌విచ్ రామానుజుల విచారణకు వస్తుంది. రాత్రి చూసే సినిమా శంకరుల విచారణకు వస్తుంది. "మనసు మంచిదైతే చాలు, ఏది తింటే ఏమి?" అనేవారు మొదటిదాన్ని విస్మరిస్తున్నారు. "ఉల్లి, వెల్లుల్లి ముట్టను" అంటూనే రాత్రంతా రక్తపాతదృశ్యాలు చూసేవారు రెండవదాన్ని విస్మరిస్తున్నారు. ఈ రెండవ కోవకు చెందినవారు ఆచారవంతుల ఇళ్లలోనే అధికమని నేను గమనించాను.

రొట్టెముక్కల నడుమ

ఇంగ్లాండులో పద్దెనిమిదవ శతాబ్దపు ప్రభువు, నాలుగవ ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ జాన్ మాంటేగ్యు పేరుమీద ఈ పదార్థానికి ఆ నామం స్థిరపడింది. జూదపుబల్ల దగ్గరనుండి లేవకుండా తినడానికి రెండు రొట్టెముక్కల నడుమ మాంసం పెట్టించుకొనేవాడని కథ ప్రచారంలో ఉన్నది. ఆ కథలో చారిత్రకత ఎంత ఉన్నా, అందులోని సూచన గ్రాహ్యం. భోజనాన్ని గౌరవించడానికి కాక, మరొక వ్యసనానికి అడ్డు రాకుండా ఉండటానికి పుట్టిన భోజనరీతి అది. నేడు జూదపుబల్ల స్థానంలో మొబైల్ తెర వచ్చింది.

అయినా ఆ పదార్థాన్ని మన దేశం తనదిగా మార్చుకొన్నది. బొంబాయి వీథులలో పుట్టిన శాండ్‌విచ్‌లో ఉడికిన బంగాళాదుంప, బీట్‌రూట్, కీరదోస, టమాట, కొత్తిమీర పచ్చడి ఉంటాయి. అదే నేడు మన విజయవాడ, హైదరాబాదు వీథులలోనూ దొరుకుతున్నది. అప్పుడే కోసి, ఎదుటనే కాల్చి ఇచ్చిన అటువంటి పదార్థాన్ని గీత పదిహేడవ అధ్యాయం చెప్పిన తామసాహారంలో చేర్చడానికి నాకు ప్రమాణం కనబడదు. అక్కడ నిందింపబడినది జామాలు గడిచి, రసం నశించి, దుర్గంధం పట్టి, నిలువ ఉన్న ఆహారం. ఆ లక్షణాలు మన ఇంటి శీతలయంత్రంలో మూడు దినాలుగా ఉన్న పులుసుకు కూడా పట్టవచ్చు.

రామానుజులు చెప్పిన మూడు దోషాలను మాత్రం అంగడి ముందు నిలబడి విచారించవలసిందే. జాతిదోషం అనగా పదార్థ స్వభావం. మయోనైజ్ అనే తెల్లని లేపనంలో గుడ్డు ఉన్నదా, లేనిదా అని అడగడానికి సిగ్గు పడనక్కరలేదు. నిమిత్తదోషం అనగా వండటంలోనూ వడ్డించటంలోనూ కలిగే అపరిశుద్ధి. 2024 అక్టోబరు చివరలో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసిన మయోనైజ్‌ను ఒక సంవత్సరంపాటు నిషేధించినది ఇటువంటి ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొనియే. ప్రాచీనులు నిమిత్తదోషమన్నదానిని నేటి ప్రభుత్వం ఆహారభద్రత అంటున్నది. ఆశ్రయదోషం అనగా ఆ అన్నం ఎవరినుండి వచ్చినదన్న విచారణ. దీనిని కొందరు పుట్టుకకు అంటగట్టి మనుష్యులను అవమానించడానికి వాడుకొన్నారు. నా దృష్టిలో కల్తీ నూనె వాడి, పనిపిల్లవానికి వేతనం ఎగగొట్టే యజమాని చేతి అన్నమే ఆశ్రయదుష్టం. నిజాయితీగా, శుభ్రంగా బండిమీద వండి పెట్టేవాని అన్నం అటువంటిది కాదు.

దీక్షలో ఉన్నవారు, వేదవిద్యార్థులు, అర్చకత్వంలో ఉన్నవారు బయటి ఆహారం మానటం వారి వ్రతం. దానిని పాటించటం వారి కర్తవ్యం. ఆ నియమాన్ని సామాన్య గృహస్థుల పిల్లల నెత్తిన మోపి, "నీవు భ్రష్టుడవు" అనటం మాత్రం ధర్మం కాదు.

ఆహారం మనసును మార్చదనేవారు శ్వేతకేతు వృత్తాంతాన్ని ఛాందోగ్యంలోనే చదువుకోవాలి. ఉద్దాలకుడు కుమారుణ్ణి పదిహేను దినాలు నీరు మాత్రమే త్రాగి ఉండమన్నాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే శ్వేతకేతువుకు ఒక్కటీ స్ఫురించలేదు. భుజించి వచ్చిన పిమ్మట అన్నీ స్ఫురించాయి. అన్నంలోని సూక్ష్మాంశం మనస్సవుతుందని తండ్రి నిరూపించిన విధానమది.

భరతముని చూపిన భోజనదృష్టాంతం

ఇక సినిమా సంగతి. నాట్యశాస్త్రం ఆరంభంలో ఇంద్రాది దేవతలు బ్రహ్మను ప్రార్థించినది ఏమని? కన్నులకూ చెవులకూ విందైన క్రీడనీయకం ఒకటి కావాలని. అప్పుడు బ్రహ్మ ఋగ్వేదంనుండి పాఠ్యం, సామవేదంనుండి గీతం, యజుర్వేదంనుండి అభినయం, అథర్వవేదంనుండి రసాలు గ్రహించి పంచమవేదంగా నాట్యవేదాన్ని సృష్టించాడు. దుఃఖార్తులకూ శ్రమార్తులకూ విశ్రాంతినివ్వటం దాని ప్రయోజనాలలో ఒకటి. కనుక ప్రదర్శనను చూసి సేదతీరటం మన ఋషులు అంగీకరించినదే.

ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించవలసి వచ్చినప్పుడు భరతముని ఎన్నుకొన్న దృష్టాంతం మరీ హృద్యం. నానావ్యంజనాలతో సంస్కరింపబడిన అన్నాన్ని సుమనస్కులు ఆస్వాదించి హర్షం పొందినట్లు, భావాభినయాలతో కూడిన స్థాయిభావాలను ప్రేక్షకులు ఆస్వాదిస్తారన్నాడు. భోజనమూ ప్రదర్శనమూ ఒకే వాక్యంలో కలిసినవి. మన తెలుగువారికి దీనిని వేరే చెప్పనక్కరలేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఘటోత్కచుడు పెళ్లివిందును ఆరగించే దృశ్యాన్ని చూసినవారికి ఏ రసం నాలుకది, ఏ రసం హృదయానిది అని విడదీయటం కష్టం.

అయితే ఆ దృష్టాంతంలో సుమనస్కత అన్నది కీలకం. అభినవగుప్తపాదులు రసానుభవానికి ఏడు విఘ్నాలు చెప్పి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండటాన్ని అందులో ఒకటిగా గణించారు. సినిమా నడుస్తుండగా పదిసార్లు ఫోను చూసుకొనేవాడు ఆ విఘ్నాన్ని చేతిలో పట్టుకొనే కూర్చున్నాడు. అతడు సినిమా చూడలేదు, విశ్రాంతీ పొందలేదు.

చిత్రం మంచిదైతే అది చేసే మేలు అల్పం కాదు. గాంధీ మహాత్ముడు బాల్యంలో హరిశ్చంద్ర నాటకాన్ని చూసి, అందరూ హరిశ్చంద్రునివలె సత్యవంతులు ఎందుకు కాకూడదని తపించినట్లు ఆత్మకథలో చెప్పుకొన్నారు. 1980లో వచ్చిన శంకరాభరణం తరువాత ఎందరో ఇళ్లలో పిల్లలకు సంగీతం నేర్పించాలన్న కోరిక కలిగింది. కన్నుల ద్వారా లోనికి వెళ్లిన అన్నం ఎలా జీర్ణమై మనస్సవుతుందో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. మంచి అన్నానికి ఆ శక్తి ఉంటే చెడ్డ అన్నానికీ ఉంటుంది.

ప్రాచీన నాటకానికి నాందితో ఆరంభం, భరతవాక్యంతో ముగింపు. నేటి ఓటీటీ ధారావాహికలో ఒక భాగం ముగియకముందే తదుపరి భాగం తానే మొదలవుతుంది. మంగళం పలకని కథ అది. లేచే సమయాన్ని మనమే నిర్ణయించుకోకపోతే యంత్రం మనకు బదులుగా నిర్ణయిస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకు నిద్రపోయినవానికి బ్రాహ్మీముహూర్తం ఎక్కడ? ప్రాతఃసంధ్య ఎక్కడ?

ఉద్ధర్షమూ అవసాదమూ

సాధనసప్తకంలో చివరి రెండు అంగాలు అనవసాదం, అనుద్ధర్షం. క్రుంగిపోకుండుట, మితిమీరి పొంగిపోకుండుట. వారాంత జీవనానికి ఇంతకన్న సూటి ఔషధం నేను ఎరుగను. శుక్రవారం సాయంకాలం ఉద్ధర్షం, ఆదివారం సాయంకాలం అవసాదం. సోమవారాన్ని తలచుకొని క్రుంగే యువకుడు వాస్తవానికి సోమవారంవలన క్రుంగటం లేదు. రెండు దినాలు ఇంద్రియాలను పరుగెత్తించి అలసిపోయినందున క్రుంగుతున్నాడు. విశ్రాంతి తరువాత మనసు తేలికపడితే అది యుక్తవిహారం. బరువెక్కితే అది విశ్రాంతి కాదు, మరొక శ్రమ. ఈ పరీక్షను ఎవరికి వారే చేసుకోవచ్చు, ఏ పంతులుగారినీ అడగనక్కరలేదు.

అసలు దోషం

ఇంతవరకు చెప్పినదానికన్న నన్ను అధికంగా కలవరపెట్టేది మరొకటి ఉన్నది. ఒంటరిగా భుజించేవాడు పాపాన్నే భుజిస్తున్నాడని ఋగ్వేదంలోని దానసూక్తం హెచ్చరించింది. తనకోసమే వండుకొనేవారిని గురించి గీత మూడవ అధ్యాయమూ అదే చెప్పింది. నేటి ఇళ్లలో శనివారం రాత్రి ఏమి జరుగుతున్నది? కుమారునికి ఒక పొట్లం, కుమార్తెకు ఒక పొట్లం. ఒకరి గదిలో ఒక తెర, మరొకరి గదిలో మరొక తెర. వంటింటి ప్రక్కన వృద్ధమాత మధ్యాహ్నపు అన్నంలో మజ్జిగ పోసుకొని ఒక్కతే తింటున్నది. అక్కడ ఎవరూ మాంసం ముట్టలేదు, అసభ్యచిత్రం చూడలేదు. అయినా దోషం ఆ ఇంట్లోనే ఉన్నది.

దీనికి పిల్లలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. "ఆ చెత్త తినకు, ఆ చెత్త చూడకు" అని పది సంవత్సరాలు కసరిన ఇంట్లో పిల్లవాడు తలుపు వేసుకోవటం నేర్చుకొంటాడు. తలుపు వెనుక తినేదీ చూసేదీ అప్పుడు ఎవరి వివేకానికీ అందదు. నిషేధం రుచిని చంపలేదు, సాంగత్యాన్ని చంపింది. ఆ సాంగత్యం పోయాక సంప్రదాయం ఏ దారిన రెండవ తరాన్ని చేరుతుంది?

ఆచరణకు కొన్ని మాటలు

తల్లిదండ్రులకు నా విన్నపం: నెలకు ఒకసారైనా పిల్లలు మెచ్చిన అంగడికి వారితోనే వెళ్లండి. మీ నియమానికి తగినది అక్కడ లేకపోతే నిమ్మరసం పుచ్చుకొని కూర్చోండి. శుచిని గురించి అడగవలసినది అక్కడే, వారి ఎదుటనే, మృదువుగా అడగండి. పిల్లలు వివేకాన్ని వినికిడివలన కన్న చూపువలన త్వరగా నేర్చుకొంటారు.

యువతకు నా మాట: మొదటి ముద్దకు ముందు ఒక్క క్షణం కన్నులు మూసుకొని పరమేశ్వరునికి నివేదించండి. చేతిలో ఉన్నది పులిహోరైనా శాండ్‌విచ్చైనా, లోపలి ప్రాణాగ్నికి అది ఆహుతియే. తినేటప్పుడు తెరను ఆపండి, చూసేటప్పుడు ఫోనును దూరంగా పెట్టండి. సినిమా ఒక్కటే చూడండి, దానిని ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. ముగిసిన తరువాత ఒక గడియ దానిని గురించి మాట్లాడుకోండి. ఆ సంభాషణయే మీ నాటకానికి భరతవాక్యం. ఇంట్లో పెద్దలు ఉంటే, బయటకు వెళ్లేముందు వారు తిన్నారో లేదో విచారించండి. తిరిగి వచ్చేటప్పుడు వారికి సరిపడే పండో, పాలకోవాయో తీసుకొని రండి.

శనివారం వేంకటేశ్వరాలయాలలో మాకు క్షణం తీరిక ఉండదు, కనుక మాకు వారాంతం లేదు. ఆ దినం స్వామి సన్నిధికి ఉదయం వచ్చి, సాయంకాలం సినిమాకు వెళ్లే పిల్లవానిని చూసి నేను బాధపడను. ఉదయం దర్శించిన మూర్తి సాయంకాలం అతని కంటిలో ఇంకా మిగిలి ఉండాలన్నదే నా కోరిక. అది మిగిలి ఉన్నంతవరకు అతడు తినేది అన్నమే, చూసేది రసమే.

స్వస్తి.