సుదర్శనపు గడ్డ

మా పెరటిలో నూతి ప్రక్క నొక సుదర్శనపు దుబ్బు కలదు. మా యమ్మ కాపురమునకు వచ్చినపుడు పుట్టినింటినుండి బట్టల పెట్టెలో పెట్టుకొని తెచ్చిన గడ్డ యది. ఆమె గతించినది; దుబ్బు మిగిలినది. ఇటీవల పెరటికి సిమెంటు చేయింపదలచినపుడు మా అబ్బాయి, "ఇది విషపు మొక్క నాన్నగారూ, పసివాండ్రు తిరుగు చోట నేల? తీయించివేయుదము" అనెను.

మాట అసత్యము కాదు. దీని గడ్డలో లైకోరిన్ అను విషపదార్థము కలదు, తినినచో వాంతులగును. కాని గన్నేరు విషము కాదా? దానిని దేవాలయపు ప్రాంగణములనుండి ఎవరును పెరికివేయలేదు. తినరాదని పిల్లలకు చెప్పితిమి, వారు నేర్చికొనిరి. సుదర్శనపు గడ్డ చూపునకు ఉల్లిగడ్డవలె నుండును. ఈ పోలిక కాకతాళీయము కాదు. నేటి వృక్షశాస్త్రజ్ఞులు రెంటిని ఒక్క కుటుంబముననే చేర్చిరి. కావున భయపడవలసినది నేలలో నున్న గడ్డకు కాదు, పెరికి వీథిలో పారవేసిన గడ్డకు. తెలియనివాడు కూరకు తీసికొనిపోవచ్చును.

మా విద్యార్థులు దీనిని లిల్లీ యందురు. పూల అంగడిలో లిల్లీ యనగా నేలసంపెంగ. ఈ రెండును లిల్లీ కుటుంబమునకు చెందినవి కావు. 1753లో లిన్నేయస్ దీనికి 'క్రైనమ్ లాటిఫోలియమ్' అని పేరిడినపుడు, లిల్లీకి గ్రీకు భాషలో గల పేరునే గ్రహించెను. పొరపాటునకు బీజము పాతదే. అయినను సుదర్శనమను పేరు మనకుండగా అరువు పేరేల? పూవును చూపి పేరు చెప్పు ఉపాధ్యాయుడు లేనిచో ఆ మాట నిఘంటువులోనే ఉండిపోవును.

దీని పెంపకము కష్టము కాదు. గడ్డ మెడ నేలపైన నుండునట్లు నాటవలెను, పూర్తిగా పూడ్చరాదు. పూటయెండ చాలును. ఒకసారి కదపినచో ఏడాది, రెండేండ్లు అలిగి పూయదు. తొందరపడి పారవేయువారు ఇక్కడనే మోసపోవుదురు. తొలకరి తరువాత కాడ లేచి, తెల్లని రేకులపై గులాబి చారలతో పూలు సాయంసమయమున విచ్చును. పరిమళము నూతిగట్టు దాటి వసారా వరకు వచ్చును. పూవు నిలుచునది ఒకటి రెండు దినములే. గింజలు మరింత వింత. గట్టి పెంకు లేని గుండ్రని కండముద్దలు; తడి తగులకున్నను బల్లమీదనే మొలకెత్తును. తరగతిలో చూపదగిన పాఠము ఇంతకంటె నేమి కలదు?

అబ్బాయి సమాధానపడెనో లేదో, మారు పలుకలేదు. మేస్త్రి దుబ్బు చుట్టు మూరెడు నేల వదలుదుననెను. అది చాలదని రెండు మూరలకు సుద్దతో గీత గీసి యిచ్చితిని.